అరండల్‌పేట ఆదివారం చరిత్ర క్లాసు: ఐదుకి మూడున్నర స్టార్లు

ఫీజు 600. ఐదు ఆదివారాలు, పొద్దున పదిన్నర నుంచి ఒంటిగంట దాకా. టీ, జిరాక్సులు అందులోనే. తొలి ఇస్లాం కాలంలో బానిసత్వం, దాని గురించి మతం చెప్పిన నీతి అన్నది విషయం. నేను గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాసి రిటైరైన మనిషిని. చర్చిలో మొదటి ఆరాధన అయిపోతే ఇక ఖాళీ. "నీకెందుకయ్యా ఆ గొడవ" అని ఇంట్లో అంటున్నా వెళ్లి చేరాను.

మొదటి వారం బిలాల్ అనే బానిస కథ. మక్కాలో ఉమయ్యా అనే ఆసామి కాలే ఇసకలో పడుకోబెట్టి గుండెల మీద బండ పెట్టించడం, ప్రవక్త సహచరుడు అబూబకర్ కొని విడిపించడం, తర్వాత ఆ బిలాలే మొదటి అజాన్ పిలవడం. మాస్టారు నోరు తెరిచేలోపే నా పక్క కుర్చీలో భాయ్ "అహద్, అహద్" అనేశాడు, దేవుడొక్కడే అని బండ కింద బిలాల్ అన్న మాట. తెలిసిన కథే. ఆ వారం టీ బాగుంది.

రెండో వారానికి నేను నిటారుగా కూర్చున్నాను. జకాత్, అంటే ముస్లింలు విధిగా ఇచ్చే దానం సొమ్ము ఖర్చు పెట్టడానికి ఖురాన్ తొమ్మిదో సూరా (అధ్యాయం) 60వ ఆయత్‌లో (వాక్యంలో) ఎనిమిది పద్దులున్నాయట. అందులో ఒకటి బానిసల విడుదల. పద్దు అన్నాక నాకు అర్థం కాకుండా ఎలా ఉంటుంది? పొరపాటున మనిషిని చంపితే పరిహారంగా ఒక బానిసను వదలాలి. ఒట్టు తప్పినా అదొక దారి, లేదంటే పదిమంది పేదలకు అన్నమో బట్టలో పెట్టాలి, ఏదీ కుదరకపోతే మూడు రోజులు ఉపవాసం ఉండాలి. ఇక 24వ సూరా 33వ ఆయత్: బానిస తనను తాను విడిపించుకుంటానని కాగితం అడిగితే, అతనిలో మంచి కనిపిస్తే రాసివ్వండి, మీ సొమ్ములోంచి కూడా కొంత ఇవ్వండి అని. డబ్బు వాయిదాల్లో కట్టుకోవచ్చు.

ఇక్కడ నేను ఆగలేకపోయాను. మా తాత తెనాలి దగ్గర పాలేరు. పెళ్లికి తీసుకున్న అప్పు కింద జీతం. ఏటా లెక్క చూస్తే అప్పు పెరగడమే కానీ తరిగింది లేదు. పుస్తకం ఆసామిది, వేలిముద్ర తాతది. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చేనాటికి తాత లేడు. అందుకే అడిగాను: "మాస్టారూ, ఆ కాగితం రాసుకున్నాక ఆ మనిషి సంపాదన ఎవరిది?"

"అతనిదే. అతన్ని అమ్మడానికి కూడా వీల్లేదని ఎక్కువమంది పండితులు అన్నారు."

"మరి రాసివ్వండి అన్నది హుకుమా, సలహానా?"

ఆయన కాస్త ఆగి, "ఎక్కువమంది సలహా కిందే తీసుకున్నారు" అన్నారు. ఆ ఒక్క మాటకే 600 గిట్టిపోయాయి. విడిపిస్తే పుణ్యం, సరే. ఉంచుకుంటే పాపమని మాత్రం ఆ ఆయత్‌లలో లేదు. మా బైబిల్ వైపు మాత్రం ఏం తక్కువ? పౌలు బానిస ఒనేసిమును యజమాని ఫిలేమోను దగ్గరికే తిప్పి పంపాడు, చేతికో ఉత్తరం ఇచ్చి.

మూడో వారం జరిగిందే అసలు ఫిర్యాదు. 'మీ కుడిచేతులు స్వాధీనం చేసుకున్నవారు', అంటే బానిసలు, అన్న ఖురాన్ మాట మాస్టారు చదివి దాటేయబోయారు. బురఖాలో వచ్చే లా విద్యార్థిని లేచింది. "సార్, యుద్ధంలో పట్టుకొచ్చిన ఆడవాళ్లు యజమానికి హలాల్ అన్నప్పుడు, వాళ్ల ఒప్పుకోలు ఎవరైనా అడిగేవాళ్లా?" మాస్టారు వాచీ చూసుకుని, "టీ చల్లారిపోతుందమ్మా" అన్నారు. ఆ రోజే రెండు స్టార్లు కోశాను.

నాలుగో వారం ఆయనే ఆ ప్రశ్న బోర్డు మీద రాసి మొదలుపెట్టారు. నలభై నిమిషాలు తప్పించుకోకుండా చెప్పారు. డబ్బు కోసం బానిస అమ్మాయిలతో వ్యభిచారం చేయించొద్దని అదే 33వ ఆయత్‌లో ఉంది. యజమానికి బిడ్డను కంటే ఆమెను అమ్మకూడదని, అతను చనిపోతే ఆమె స్వతంత్రురాలని తర్వాతి ధర్మశాస్త్రం అంది. ఖలీఫా హారూన్ అల్ రషీద్ తల్లి ఖైజురాన్ కూడా బానిసగా వచ్చిన మనిషే. "అయినా నువ్వడిగినదానికి ఇది జవాబు కాదు" అని ఆ అమ్మాయి వైపు చూశారు. ఆమె తలూపి రాసుకుంది. కోసిన స్టార్లలో ఒకటి వెనక్కిచ్చాను.

ఐదో వారం హడావుడి. ఈజిప్టుకు దక్షిణాన ఉన్న నూబియాతో 652లో కుదిరిన ఒప్పందం, ఏటా 360 మంది బానిసలు, అని రెండు ముక్కల్లో తేల్చేశారు. ఇరాక్‌లో బస్రా దగ్గర ఉప్పు నేలలు గోకే బానిసలు 869లో తిరగబడి, 871లో బస్రాను కొల్లగొట్టి, 883 దాకా ఖలీఫా సైన్యానికి ఎదురు నిలిచారు. పద్నాలుగేళ్ల యుద్ధానికి ఇరవై నిమిషాలు! నాయకుడు వాళ్లకు ఇచ్చిన మాటల్లో 'మీకూ బానిసలుంటారు' అన్నది ఒకటని విని హాలంతా గొల్లున నవ్వింది. దాని మీదే ఒక పూట మాట్లాడుకోవచ్చు, మ్యాప్ కూడా వేయలేదు. అందుకే అర స్టారు కోత.

చేరేవాళ్లకు: మూడో అంతస్తు, లిఫ్టు లేదు. బండి ముందు పెడితే కింద షాపువాడు గొడవ చేస్తాడు, వెనక సందులో పెట్టుకోండి. ఆయత్ నంబర్లున్న జిరాక్సులు పారేయొద్దు. నావి భాయ్ పట్టుకెళ్లాడు, ఇంకా తిరిగివ్వలేదు.