కడప–రాజమండ్రి ఆకాశదూరం: గ్రేట్ సర్కిల్ మ్యాపర్ వాడి చూశాక

రెండు విమానాశ్రయాల మధ్య ఆకాశమార్గాన ఎంత దూరమో చెప్పే వెబ్‌సైట్లు చాలానే ఉన్నా, నేను నమ్మకంతో వాడుతున్నది గ్రేట్ సర్కిల్ మ్యాపర్ ఒక్కటే. కడపకు సీడీపీ, రాజమండ్రికి ఆర్‌జేఏ అనే మూడక్షరాల కోడ్‌లను నడుమ ఒక అడ్డగీతతో కలిపి టైప్ చేస్తే, పటం మీద ఆ రెండింటినీ కలుపుతూ ఎర్రటి గీత వస్తుంది, దాని కింద దూరం ఉంటుంది. కొలమానాన్ని కిలోమీటర్లకు మార్చుకుంటే అది సుమారు 435 అని తేలుతుంది. కడప కోడ్ ‘సీ’తో మొదలవడానికి కారణం ఆ ఊరి పేరును ఇంగ్లీషులో పూర్వం రాసిన తీరు.

ఆంధ్రప్రదేశ్ పటాన్ని పక్కన పెట్టుకుని ఆ గీతను పోల్చి చూశాను. దాదాపు సగం దూరంలో అది చీరాలకు దగ్గరగా సాగి, కృష్ణానదిని దాటి, గుడివాడ, తాడేపల్లిగూడెంల పక్కగా రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి చేరుతుంది. భూమిని నున్నటి బంతిలా కాక, ధ్రువాల దగ్గర కాస్త అణగిన గోళంగానే తీసుకుని లెక్కగట్టడం ఈ సాధనంలో నాకు బాగా నచ్చిన సంగతి. భూమధ్యరేఖ దగ్గర 6,378 కిలోమీటర్లున్న భూవ్యాసార్ధం ధ్రువాల దగ్గర 6,357కు తగ్గుతుంది. మన ఊళ్ళ మధ్య ఆ తేడా లెక్కలోకి రాకపోయినా, ఖండాలు దాటే ప్రయాణాల్లో తప్పక కనిపిస్తుంది.

అయితే దూరం తెలిసినంత మాత్రాన ప్రయాణం తెలిసినట్టు కాదు. మా అమ్మగారిని కడప నుంచి రాజమండ్రికి తీసుకువెళ్ళాలనుకున్నప్పుడు, మరో వెబ్‌సైట్‌లో ఇదే 435 కిలోమీటర్ల పక్కన ‘విమాన ప్రయాణ సమయం’ గంటకు లోపేనని చూసి, ఆమెకు అదే మాట చెప్పాను. ఆ రెండు ఊళ్ళ మధ్య నేరుగా విమానం లేదన్న ముక్క ఆ పేజీలో ఎక్కడా లేదు. చివరకు శంషాబాద్‌లో దిగి, మరో విమానం కోసం గంటల తరబడి కూర్చోవలసి వచ్చింది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఆ పొడవాటి దారుల్లో నడవలేక ఇబ్బంది పడుతుంటే నాకు చాలా బాధ కలిగింది. లెక్కగట్టిన సంఖ్యకు ప్రయాణ సమయమని పేరు పెట్టేవారు, ఆ దారిలో విమానం నడుస్తోందో లేదో కూడా చెప్పి తీరాలి.

గ్రేట్ సర్కిల్ మ్యాపర్ కూడా విమానాల వేళలు చెప్పదు, అది దాని పని కాదు. కానీ రెండు కోడ్‌ల నడుమ హైదరాబాద్ కోడ్ హెచ్‌వైడీని చేర్చి చూస్తే, కడప నుంచి శంషాబాద్‌కు 303, అక్కడి నుంచి రాజమండ్రికి 361, మొత్తం సుమారు 664 కిలోమీటర్లని విడివిడిగా చూపుతుంది. అంటే తిన్నని గీత కన్నా సగం పైగా ఎక్కువ. చిన్న విమానాశ్రయాల నుంచి బయలుదేరేవారు మధ్యలో ఎక్కడ మారాలో ముందు తెలుసుకుని, ఆ కోడ్‌ను కూడా రాసి చూసుకోవాలి. వెంట పెద్దవాళ్ళుంటే, టికెట్ తీసుకునేటప్పుడే చక్రాల కుర్చీ అడిగి పెట్టుకోవాలి.