లీనియర్ ఆల్జీబ్రా: లెక్కల కోర్సా, ప్రూఫుల కోర్సా?

మొదటి లీనియర్ ఆల్జీబ్రా కోర్సు చాలా యూనివర్సిటీల్లో రెండు రకాలుగా ఉంటుంది. లెక్కల కోర్సులో మాట్రిక్స్ (అంకెల పట్టిక) ఇచ్చి డిటర్మినెంట్ (ఆ అంకెల నుంచి లెక్కగట్టే ఒక సంఖ్య) కనుక్కోమంటారు. పై వరుస 2, 1; కింది వరుస 4, 2 అనుకోండి. 2×2 − 1×4 = 0, కాబట్టి ఇన్వర్స్ (ఈ మాట్రిక్స్ చేసిన పనిని వెనక్కి తిప్పే మాట్రిక్స్) లేదు, జవాబు అయిపోయింది.

ప్రూఫుల (నిరూపణల) కోర్సు సరిగ్గా అక్కడే మొదలవుతుంది: సున్నా ఎందుకొచ్చింది? నిలువు వరుసలను బిందువులుగా చూస్తే (2, 4), (1, 2) రెండూ సున్నా బిందువు గుండా పోయే ఒకే గీత మీద పడ్డాయి. మాట్రిక్స్ తలంలోని ప్రతి బిందువునూ మరో బిందువుకు పంపుతుంది. అంటే ఈ మాట్రిక్స్ తలం మొత్తాన్నీ ఒక్క గీతలోకి అణిచేస్తుంది. అలా కలిసిపోయిన బిందువులను మళ్ళీ విడదీయలేం. ఇంత అందమైన విషయం లెక్కల కోర్సులో చాలామందికి తెలియకుండానే దాటిపోతుంది.

పనికొచ్చే పద్ధతులే కావాలంటే మొదటిది చాలు, పరీక్ష టెన్షనూ తక్కువే. గణితంలోనే ముందుకెళ్ళేవాళ్ళు మాత్రం రెండోదే తీసుకోండి. వెక్టర్ స్పేస్ (కూడుకోగల, సంఖ్యతో గుణించగల వస్తువుల సమితి) నిర్వచనాల దగ్గర తల తిరుగుతుంది, అయినా వదలొద్దు.