పాత గ్యాస్ పొయ్యి స్థానంలో ఏది మేలు: మామూలు పొయ్యా, హాబా?

మా గ్యాస్ పొయ్యికి 14 ఏళ్లు నిండాయి. మూడు బర్నర్లలో ఒకటి వెలగడం మానేసింది, ఒకటి సిమ్‌లో పెడితే ఆరిపోతోంది, మిగిలినదాని మంట పసుపుపచ్చగా వచ్చి గిన్నెల అడుగులకు మసి పట్టిస్తోంది. ఎప్పుడో మార్చవలసిన పొయ్యిని ఇంతకాలం నెట్టుకు రావడానికి కారణం వంటింటిని కొత్తగా చేయించుకోవాలన్న ఆశే. కడప బండ గట్టు తీయించి గ్రానైటు వేయించాలని, కింది అలమరలకు బదులు సొరుగులు పెట్టించాలని, గట్టులోనే ఇమిడిపోయే హాబ్ అమర్చుకోవాలని నాలుగేళ్లుగా అనుకుంటున్నాము. ఆ పని ఎప్పుడు మొదలవుతుందో మాత్రం ఇంకా తేలలేదు.

పాతదాన్ని బాగుచేయించడం అన్నిటికంటే చవక. పసుపు మంటకు చాలాసార్లు కారణం బర్నర్ రంధ్రాలు పూడిపోయి గ్యాస్‌తో గాలి సరిగా కలవకపోవడమే కనుక, శుభ్రం చేయిస్తే నీలి మంట తిరిగి రావచ్చు. అయితే మీటల దగ్గర సబ్బు నురుగు రాసినప్పుడు బుడగలు లేస్తున్నా, బర్నర్లు తుప్పు తిని ఉన్నా ఆ పొయ్యిని ఇక నమ్మకూడదు. డబ్బు చేతిలో ఉండి, మేస్త్రీ రెండు మూడు నెలల్లో పని మొదలుపెడతానని ఖాయం చేసిన ఇంటికే మరమ్మతు సరిపోతుంది.

ఎలాగూ కొంటున్నాము కదా, హాబే ఇప్పుడు కొనేద్దామన్న ఆలోచన మమ్మల్ని చాలా రోజులు ఊరించింది. హాబ్‌లో నిజమైన సుగుణాలున్నాయి. చాలా రకాల్లో పాలు పొంగి మంట ఆరిపోతే గ్యాస్ దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది, పెద్దవాళ్లు ఒంటరిగా వంట చేసే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. కానీ హాబ్ కూర్చోవాలంటే బండను కోయాలి, ఏళ్ల తరబడి బరువు మోసిన పాత బండ ఆ కోతకు పగిలితే గట్టంతా మార్చవలసి వస్తుంది. పైగా ఆ కోత కొలత ఒక్కొక్క మోడల్‌కు ఒక్కొక్క విధంగా ఉంటుంది కనుక, రేపు గ్రానైటు వేయించినప్పుడు ఈనాటి హాబ్‌కు తగ్గట్టే దాన్ని కోయించవలసి వస్తుంది. ఎత్తు సంగతి కూడా ఉంది: ఇప్పటి గట్టు పైన పొయ్యి పెట్టి వండడానికి కట్టినది, అందులో హాబ్ దించితే మంట ఆ మేరకు కిందికి దిగి, పొడవైనవాళ్లు వంగి వండవలసి వస్తుంది. వంటిల్లు ఎలా ఉండాలో తేలిన తరువాత ఎంచుకోవలసిన వస్తువును ముందే కొని, వంటింటినే దానికి సర్దడం నాకు సరిగా తోచలేదు. గట్టు మీదైనా, గట్టులోనైనా వాడుకోవచ్చని అమ్మే రకాలకూ ఆ కోత కొలత చిక్కు తప్పదు.

ఇండక్షన్ పొయ్యిని నేను ప్రధానమైనదిగా ఒప్పుకోలేను. ఇత్తడి, అల్యూమినియం గిన్నెలు, పులుసు కాచే రాచిప్ప దాని మీద పనికిరావు, పచ్చడికి వంకాయ కాల్చుకోవడం కుదరదు. 2000 వాట్ల పొయ్యికి 16 ఆంపియర్ల ప్లగ్గు కావాలి, పాత వంటిళ్లలో అది అన్ని చోట్లా ఉండదు. అయినా గట్టు పగలగొట్టిన వారాల్లో హాలులో ఒక మూల అన్నం, చారు వండుకోవడానికి అంతకంటే అనువైనది లేదు.

అందువల్ల తేదీ తేలని మా వంటి ఇళ్లకు మామూలు మూడు బర్నర్ల స్టీలు పొయ్యే మేలని నా నిశ్చయం. సిలిండర్ గ్యాస్ పొయ్యిల భారతీయ ప్రమాణమైన ఐఎస్ 4246 సంఖ్యతో ఐఎస్ఐ గుర్తు ఉన్నదాన్నే తీసుకోవాలి, ఆ ప్రమాణం ప్రకారం పొయ్యి ఉష్ణ సామర్థ్యం, అంటే మండిన గ్యాస్ వేడిలో గిన్నెకు చేరే వాటా, కనీసం 68 శాతం ఉండాలి. హైదరాబాదు, విజయవాడ వంటి చోట్ల పైపు గ్యాస్ వచ్చే వీలుంటే, జెట్లు, అంటే బర్నర్‌లోకి గ్యాస్‌ను వదిలే సన్న రంధ్రపు ముక్కలు, మార్చుకోవచ్చునో లేదో కొనేముందే అడగాలి, ఎందుకంటే సిలిండర్ గ్యాస్ పొయ్యికి సుమారు 30 మిల్లీబార్ల ఒత్తిడితో అందితే, పైపు గ్యాస్ 21 మిల్లీబార్ల దగ్గరే అందుతుంది. పొయ్యితో పాటు రబ్బరు గొట్టం కూడా మార్చాలి, దాన్ని అయిదేళ్లకు మించి వాడకూడదు.

మేము అదే కొన్నాము. రేపు హాబ్ వచ్చిన నాడు ఈ పొయ్యి పెరటి వరండాలోకి వెళ్తుంది, పండుగలకు అరిసెల పాకం, సంక్రాంతి జంతికల మూకుడు దాని మీదే. కొత్త వంటింటి ప్లానులో మాత్రం హాబ్ చోటును గట్టు ఎత్తుతో సహా ఇప్పుడే గుర్తు పెట్టి ఉంచాము.