సవానాలో రెండు రాత్రులు: బస, తిండి, మనుషులు

అమెరికాలో అట్లాంటా వైపు ఉండే మనవాళ్లలో చాలామంది, జార్జియా తీరాన ఉన్న సవానాకి దాని పక్కనే ఉన్న టైబీ దీవి బీచ్ కోసమే వెళ్తారు. దాదాపు 250 మైళ్లు, నాలుగు గంటల డ్రైవ్. ఊళ్లో ఓ పూట తిరిగి, ఫొటోలు దిగి వచ్చేస్తారు. ఆ లెక్కన చూస్తే ఊరు అర్థం కాదు. ఇది కారు దిగి చూడాల్సిన ఊరు.

బస దగ్గరే చాలామంది పొరబడతారు. ఐ-95 హైవే పక్కన ఉన్న పూలర్ అనే ఊళ్లో గది చవక, పార్కింగ్ ఉచితం. కానీ రోజూ డౌన్‌టౌన్‌కి ఇరవై నిమిషాలు వెళ్లాలి, అక్కడ కారు పెట్టడానికి మళ్లీ డబ్బు కట్టాలి. రెండు రాత్రులైతే డౌన్‌టౌన్‌లోని పాత ఊరు, అంటే హిస్టారిక్ డిస్ట్రిక్ట్‌లో ఉండటమే మేలు. పాత ఇళ్లలో నడిపే ఇన్‌లు చూడముచ్చటగా ఉంటాయి గానీ చాలావాటిలో లిఫ్ట్ ఉండదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు వెంట ఉంటే కింది అంతస్తు గది ఉందో లేదో బుక్ చేసే ముందే అడగండి. రోడ్డు పక్కన కారు పెడితే మీటరొక్కటే చూసి వెళ్లిపోకండి. వీధులు ఊడ్చే రోజు, వేళ వేరే బోర్డు మీద ఉంటాయి. చాలామందికి టికెట్ పడేది అక్కడే. మార్చి 17 సెయింట్ పాట్రిక్స్ డే వారంలో ఊరంతా పండగ రద్దీ, అప్పుడు మాత్రం గదుల జోలికి పోవద్దు.

1733లో జార్జియా వలస స్థాపకుడు ఓగల్‌థార్ప్ గీసిన పథకంలోని స్క్వేర్లు, అంటే వీధుల మధ్య చిన్న పార్కులు, ఇప్పటికీ 22 మిగిలాయి. సిటీ హాల్ దగ్గర మొదలుపెట్టి బుల్ స్ట్రీట్ వెంట నడిస్తే అయిదు స్క్వేర్లు దాటి ఫోర్సైత్ పార్క్ చేరతారు, సుమారు మైలు. నీడ ఉన్నా జూలైలో ఉక్కపోత చంపేస్తుంది, పొద్దున్నే నడవాలి. ఓక్ చెట్ల నుంచి వేలాడే స్పానిష్ మాస్ నిజానికి నాచు కాదు, అనాస కుటుంబం మొక్క. కింద రాలినదాన్ని పిల్లల చేతికివ్వకండి, కుట్టే పురుగులుండొచ్చు. నది ఒడ్డునున్న రివర్ స్ట్రీట్‌కి దిగే రాతిమెట్లు నిటారుగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. స్ట్రోలర్ ఉంటే లిఫ్ట్ వెతుక్కోండి. నది దాటించే ఫెర్రీ ఉచితం.

ఇక మనుషులు. ఎదురైన ప్రతివాళ్లూ పలకరిస్తారు. జవాబివ్వకుండా ఫోన్ చూసుకుంటూ పోతే పొగరనుకుంటారు. పిల్లలు పెద్దలతో ‘యెస్ మామ్’, ‘యెస్ సర్’ అంటే పెద్దవాళ్లు మురిసిపోతారు. కౌంటర్ దగ్గర ముందున్నావిడ వాతావరణం గురించి నాలుగు మాటలు మాట్లాడాకే బిల్లు కడుతుంది, వెనకున్నవాళ్లు విసుక్కోరు. పాత కుటుంబాలు, గీచీలు (ఈ తీరంలో బానిసలుగా బతికిన ఆఫ్రికన్ల వారసులు), ఓడరేవు ఉద్యోగులు, విమానాలు తయారుచేసే గల్ఫ్‌స్ట్రీమ్ ఉద్యోగులు, సైనికులు, స్కాడ్ అనే ఆర్ట్ కాలేజీ విద్యార్థులు, అందరూ కలిసిన ఊరిది. మర్యాద వెనక పాత గాయాలూ ఉన్నాయి. బానిసత్వాన్ని సమర్థించిన రాజకీయ నాయకుడు కాల్హూన్ పేరున్న స్క్వేర్‌కి 2023లో, బానిసగా పుట్టి టీచరైన సూజీ కింగ్ టేలర్ పేరు పెట్టారు.

జోన్స్ స్ట్రీట్‌లోని మిసెస్ విల్క్స్ భోజనశాలలో పదిమంది అపరిచితులు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. గిన్నెలు చేతులు మారుతూ తిరుగుతాయి. తిన్నాక ఎవరి ప్లేటు వాళ్లే వంటింట్లోకి తీసుకెళ్లాలి. పనిరోజుల్లో మధ్యాహ్నం మాత్రమే తెరుస్తారు, క్యూ పెద్దది. శాకాహారులు ఈ ప్రాంతంలో ఎక్కడైనా ఒకటి గుర్తుంచుకోవాలి: కొలార్డ్ గ్రీన్స్ ఆకుకూరే కదా అని వడ్డించుకోకండి, పంది మాంసం ముక్క వేసి ఉడికించడం ఇక్కడి అలవాటు. బీన్స్, టమాటాతో వండే రెడ్ రైస్ కూడా అంతే. ‘మాంసం ఉందా’ అని కాదు, ‘పోర్క్ వేసి ఉడికించారా’ అని అడగండి. చీజ్ గ్రిట్స్ మన మొక్కజొన్న రవ్వ సంకటికి చుట్టమే. టీ అంటే ఐస్ వేసిన తీపి టీ. చక్కెర వద్దనుకుంటే ‘అన్‌స్వీట్’ అనాలి.

టైబీకి ఉన్నది ఒకటే రోడ్డు, యూఎస్ 80. పెద్ద ఆటుపోట్ల రోజుల్లో దాని మీదికి నీళ్లొస్తాయి కాబట్టి టైడ్ వేళలు చూసుకుని బయల్దేరండి. లైట్‌హౌస్‌కి 178 మెట్లు, మంగళవారం సెలవు. వసంతంలో కుట్టే నుసుములు పొద్దున, సాయంత్రం కమ్ముకుంటాయి. గాలి వీచే మధ్యాహ్నాల్లో ఆ బాధ తక్కువ.