బల్ల రంపం: షెడ్డుకు ఏది, ఇంటికి ఏది?
బల్ల మధ్యలోంచి పైకి వచ్చి తిరిగే పళ్లచక్రంతో చెక్క కోసే యంత్రమే బల్ల రంపం (టేబుల్ సా). షెడ్డు రంపానికైనా, ఇంటి రంపానికైనా 10 అంగుళాల చక్రమే పట్టవచ్చు. అసలు తేడా బల్ల కింద, మోటారులో ఉంది.

రోజూ తలుపులు, మంచాలు చేసే వడ్రంగి షెడ్డుకు పోత ఇనుప బల్ల, ఇండక్షన్ మోటారు ఉన్న రంపమే కావాలి. ఈ మోటారుకు కార్బన్ బ్రష్షులు (తిరిగే భాగానికి రాసుకుంటూ కరెంటు అందించే ముక్కలు) ఉండవు, కాబట్టి అరిగిపోయేవి తక్కువ. రెండంగుళాల టేకు పలక తోసినా మోటారు గొంతు పెద్దగా మారదు. బరువు వల్ల వణుకు తగ్గి, కోత గీత వెంబడే నేరుగా సాగుతుంది. పెద్ద మోటారైతే త్రీ ఫేజ్ కరెంటు అవసరం. ఆ ఖర్చు ముందే లెక్క వేసుకోండి.

సెలవు రోజున పీటో, పుస్తకాల అరో చేసుకునేవారికి అంత యంత్రం దండగ. బ్రష్షుల మోటారుతో నడిచే చిన్న రంపం మామూలు సింగిల్ ఫేజ్ ప్లగ్గుతో పనిచేస్తుంది, పని అయ్యాక మూలన పెట్టుకోవచ్చు. మోత మాత్రం చాలా ఎక్కువ, అపార్ట్‌మెంటులో ఇబ్బందే. గట్టి చెక్కను నిదానంగా తోయాలి.

ఏది కొన్నా చక్రం వెనక నిలబడే పలుచని ఉక్కు రేకు ఉందో లేదో చూడండి. కోసిన చీలిక మూసుకుని చక్రాన్ని పట్టేస్తే చెక్క మన మీదికి ఎగిరివస్తుంది. ఆ ముప్పును తగ్గించేది ఆ రేకే. అది లేని రంపం ఎంత చవకగా వచ్చినా నేను కొనమనను. చెక్కపొడి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995 నాటి నివేదికలోనే చెప్పింది. పొడి లాగే యంత్రం, మంచి మాస్కు ఇద్దరికీ తప్పనిసరి.