100 సీసీ బండి మీద ఇద్దరు హైవే ఎక్కాలనుకుంటే, కొనేముందు ఇది చదవండి

నేను బండి నేర్చుకుని ఏడాది కూడా కాలేదు. మొదటి బండి కదా, తేలిగ్గా ఉండి మైలేజీ ఇస్తే చాలనుకుని 100 సీసీది తీసుకున్నాను. షోరూంలో ఒక్కటే అడిగాను: "నెలకోసారి మా నాయనను ఎక్కించుకుని సూర్యాపేట పోవాలి, పనికొస్తుందా?" "ఎందుకు రాదు సార్, 90 ఈజీగా పోతుంది. దీని మీద విజయవాడ దాకా పోతున్నారు" అన్నాడు సేల్స్‌మ్యాన్. నమ్మాను. మీరూ ఇలాంటి ఆలోచనతోనే బుక్ చేయబోతుంటే కొంచెం ఆగండి.

90 పోతుందన్నది పూర్తి అబద్ధం కాదు. నేనొక్కడినే ఉన్నప్పుడు, చదును రోడ్డు మీద, చాలాసేపటికి మీటరు 85 దాకా వెళ్లింది. అయితే బండి బరువు 110 కిలోలు. నేను, నాయన, ఒక బ్యాగు కలిపితే దాదాపు 150 కిలోలు. అంటే బండి కన్నా అది మోసే బరువే ఎక్కువ. ఇంజనుకున్నది 8 హార్స్‌పవర్. చౌటుప్పల్ దాటాక ఫ్లైఓవర్ ఎక్కుతుంటే నాలుగో గేరులో 65 ఉన్నది చూస్తుండగానే 52కి పడిపోయింది. మూడో గేరు వేస్తే ఇంజను అరుపే తప్ప పికప్ లేదు. వెనక లారీ హారన్ కొడుతూనే ఉంది.

ఓవర్‌టేక్ సంగతి ఇంకా ముఖ్యం. ముందు లారీ 60లో పోతోంది, మీరు 70లో ఉన్నారనుకోండి. లారీ పొడవు, అటూ ఇటూ ఖాళీ కలిపి 40 మీటర్లు దాటాలంటే 14 సెకన్లకు పైనే పడుతుంది. అంతసేపూ లారీ చక్రాల పక్కనే ఉంటారు. మధ్యలో వెనక నుంచి కారు దూసుకొస్తే ఇంకో పది పెంచుదామన్నా బండిలో మిగిలి ఉండదు. 60 నుంచి 80కి పోయేసరికి ఎదురుగాలి ఒత్తిడే దాదాపు 1.8 రెట్లవుతుంది మరి.

నార్కెట్‌పల్లి దగ్గర ఒక ఏసీ బస్సు మమ్మల్ని దాటింది. ముందు గాలి పక్కకు నెట్టింది, బస్సు పోగానే మళ్లీ దాని వైపే లాగింది. సన్నటి టైర్లు, తేలిక బండి. హ్యాండిల్ చేతిలో వణికింది. నాయన నా భుజం గట్టిగా పట్టుకుని "పైలం బిడ్డా, మెల్లగ పో" అన్నాడు. అప్పుడే ముందున్న ఆటో సడన్‌గా ఆగింది. బ్రేకు తొక్కితే వెనక చక్రం ఇసుకలో జర్రున జారింది, బండి పక్కకు ఒరిగిపోయింది. వేగం అప్పటికే తగ్గింది కాబట్టి బతికిపోయాం. నాయన మోకాలు మాత్రం చీరుకుపోయింది. పంచెకు అంటిన రక్తం చూసినప్పుడు నాకు చేతులు ఆడలేదు.

ఈ బండికి ముందు, వెనక రెండు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. సీబీఎస్ ఉంది, అంటే వెనక బ్రేకు తొక్కితే ముందుది కూడా కొంత పడుతుంది. చక్రం లాక్ అవకుండా చూసే ఏబీఎస్ వేరు, అది దీనికి లేదు. ఈ రెండూ ఒకటే అనుకున్నాను నేను, షోరూంలోనూ ఎవరూ విడమరచి చెప్పలేదు.

తర్వాత సర్వీసింగ్‌కు ఇస్తే అంతా చూసి "బండిలో ప్రాబ్లం ఏం లేదు" అన్నారు. అది నిజమే. సిటీలో దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో ఇది బంగారం లాంటి బండి, కొత్తగా నేర్చుకున్నవాళ్లకు భయం లేకుండా తిరుగుతుంది. కానీ నేను ఎందుకు కొంటున్నానో విని కూడా పనికొస్తుందని అమ్మారు, నా కోపం అదే.

టెస్ట్ రైడ్ అంటే షోరూం సందులో ఒక రౌండు కొట్టించి దింపేస్తారు, ఒప్పుకోవద్దు. రోజూ వెనక కూర్చునేవాళ్లనే ఎక్కించుకుని, ఎత్తు ఉన్న రోడ్డు మీద 60 దగ్గర యాక్సిలేటర్ తిప్పి చూడండి. ఓనర్ మాన్యువల్ అడిగి ఎంత బరువు దాకా మోయవచ్చన్నారో, ఇద్దరు కూర్చుంటే టైర్లలో గాలి ఎంత ఉండాలన్నారో చదవండి. అడ్వాన్స్ కట్టి ఇంకా డెలివరీ తీసుకోనివాళ్లు ఈ రెండు పనులూ ఈ వారంలోనే చేయండి. నేను ఆఫీసుకు ఈ బండి మీదే పోతున్నాను, సూర్యాపేటకు మాత్రం నాయనను బస్సులోనే తీసుకెళ్తున్నాను.