స్టైరీన్ డ్రమ్మా, ఎమ్ఎమ్ఏ డ్రమ్మా: హైదరాబాద్ ఎండలో ఏది ఎలా?

స్టైరీన్, ఎమ్ఎమ్ఏ (మిథైల్ మెథాక్రిలేట్) రెండూ ప్లాస్టిక్, రెసిన్ల తయారీలో వాడే మండే ద్రవాలు. నిప్పు విషయంలో ఎమ్ఎమ్ఏకే ఎక్కువ భయపడాలి. దాని ఫ్లాష్ పాయింట్ (ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే కనీస వేడి) సుమారు 10 డిగ్రీలు, స్టైరీన్‌ది 31. కానీ మే నెలలో జీడిమెట్ల రేకుల షెడ్డులో 42 డిగ్రీలుంటే ఆ తేడా మిగలదు. రెండింటి ఆవిరీ గాలికన్నా మూడింతలకు పైగా బరువు, నేలబారునే పాకుతుంది. కాబట్టి ఎగ్జాస్ట్ కింద ఉండాలి, పైన కాదు.

నిల్వలో మాత్రం నాకు స్టైరీన్ అంటేనే ఎక్కువ బెంగ. అది దానంతటదే పాలిమర్‌గా (ప్లాస్టిక్‌లా గట్టిపడి) మారకుండా 10-15 పీపీఎం (పది లక్షల్లో 10-15 వంతులు) టీబీసీ అనే ఇన్హిబిటర్, అంటే ఆ మార్పును ఆపే రసాయనం, కలుపుతారు. వేడికి టీబీసీ త్వరగా ఖర్చవుతుంది, పైగా కరిగిన ఆక్సిజన్ లేకపోతే పనిచేయదు. ఎమ్ఎమ్ఏలోని ఇన్హిబిటర్‌కీ ఆక్సిజన్ కావాలి. అందుకే ట్యాంకులో ద్రవం పైన ఖాళీలో వట్టి నైట్రోజన్ నింపడం తప్పు. 25 డిగ్రీల లోపు ఉంచండి, ఇత్తడి, రాగి వాల్వులు వాడకండి. ట్యాంకు అడుగున చల్లగా ఉన్నా పైపొర పాలిమర్‌గా మారే వేడికి మరిగిపోవచ్చు. 2020 మే 7న విశాఖలో 12 మందిని బలిగొన్న స్టైరీన్ లీకులో జరిగింది అదే. ద్రవం తేనెలా చిక్కబడితే పంపు తిప్పకండి, సరఫరాదారుకు ఫోన్ చేయండి.

ఒంటికి: స్టైరీన్ కళ్ళు మండిస్తుంది, తల తిప్పుతుంది, అది క్యాన్సర్ కారకమయ్యే అవకాశం ఎక్కువని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో తేల్చింది. ఎమ్ఎమ్ఏ చర్మానికి ఎలర్జీ తెస్తుంది, పల్చటి లాటెక్స్ గ్లౌజుల్లోంచి నిమిషాల్లో దిగిపోతుంది.